కోర్టు నిండా తామరలు

పొద్దున్నే కోటప్పకొండ వైపు తిరిగి దండం పెట్టుకోనిదే కోటేశ్వరమ్మ సున్నం బకెట్టు ముట్టదు. నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీ ఆటస్థలం ఊడ్చి, నీళ్లు చల్లి, కబడ్డీ కోర్టుకు గీతలు వేయడం ఆమె పని. గీతలయ్యాక చెయ్యి ఊరుకోదు. ఏదో ఒక మూల చిన్న తామరపువ్వు వేస్తుంది. ఆటల మాస్టారు రవిశంకర్ రోజూ విసుక్కుంటాడు, రోజూ దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి పోతాడు.

ఆ మధ్య ఒక సాయంత్రం ఆటసామాన్ల గదిలోంచి, ఆడపిల్లల కబడ్డీ జట్టులో ఆడే ఆఖరి సంవత్సరం సంజన కేక వినపడింది. తలుపు లోపల గడియ. కోటేశ్వరమ్మ బకెట్టుతో తలుపు బాదుతూ కాలేజీ అదిరేలా అరిచింది. గడియ తీసుకుని బయటికి వచ్చినవాడు మగపిల్లల జట్టు కెప్టెన్ మహేష్. లోపల మూలన, చిరిగిన జెర్సీని రెండు చేతులా పట్టుకుని సంజన.

“పోటీలు అయిందాకా ఆగమ్మా. ఇప్పుడు వాణ్ణి తీసేస్తే కప్పు పోద్ది,” అన్నారు కాలేజీ పెద్దలు.

“కప్పుకేం సారూ, మా ఇంట్లో చానా ఉన్నయ్, టీ తాగేయి. రేపు తెచ్చిస్తాలే,” అని కోటేశ్వరమ్మ సంజన చెయ్యి పట్టుకుని స్టేషనుకు నడిచింది. అక్కడ బల్ల మీద కూర్చున్న ఇద్దరికీ ఎదురు టీకొట్టు మౌలాలీ అడక్కుండానే టీ పంపాడు.

మహేష్ అరెస్టయ్యాడు, కాలేజీ తీసేసింది, కేసు నడుస్తోంది. అయినా సంజన హాస్టలు గది దాటి రాలేదు. జట్టు పిల్లలు వంతులవారీగా అన్నం తీసుకెళ్లేవారు. “స్వామీ, పిల్లను మళ్లీ కోర్టులోకి దించు” అనేదే కోటేశ్వరమ్మ మొక్కు.

నిన్న రాత్రి కబురొచ్చింది: రేపు ఆడతానంటోంది.

తెల్లారేసరికి కోర్టంతా తామరలే! గీతలు ఏవో, రేకులు ఏవో ఎవరికీ తెలియడం లేదు.

“ఏందమ్మా ఇది? కోర్టా, మీ వాకిలా?” రవిశంకర్ నెత్తి పట్టుకున్నాడు.

“పిల్ల ఇంటికొచ్చే రోజు వాకిలి బోసిగా పెడతారా సారూ?”

సంజన నేలను తాకి కళ్లకద్దుకుంది. కూత ఎత్తింది. నాలుగడుగులు వేసి, కింద పువ్వుల్ని చూసి కిసుక్కుమంది. కూత తెగింది.

“అవుట్!” అని అరిచారు పిల్లలు. సంజన పొట్ట పట్టుకుని ముగ్గులో కూలబడి నవ్వింది. ఎత్తబోయినవాళ్లు ఆమె మీదే పడ్డారు. అందరి జుట్టుకూ సున్నమే. మాస్టారు ఈల ఊదబోతే నవ్వుకు అది బుస్సుమంది.

కోటేశ్వరమ్మ కళ్లు తుడుచుకుంటూ బకెట్టులోంచి సుత్తి తీసి ఆయన చేతిలో పెట్టింది.

“సారూ, మీ కాలికి మొక్కుతా, ఆ సామాన్ల గది లోపలి గడియ ఇప్పుడే ఊడగొట్టండి. నేనే కొడుదును గానీ నవ్వాగట్లా, యేలు మీద పడుద్ది.”