ఆంప్లిఫయర్ కాల్చింది నేనే

మార్కాపురంలో మా చర్చి సంఘానికి పాత వాల్వుల గిటారు ఆంప్లిఫయర్ ఒకటి ఉండేది. మైకుసెట్లు అద్దెకిచ్చే అన్న ఒకాయన మందిరంలో సౌండు చూసుకునేవాడు. ఆయన చేతిలోనే అది కాలిపోయిందని మొన్నటిదాకా అందరూ అనేవాళ్లు. అది నిజం కాదు.

నా భార్య పోయాక పలకల ఫ్యాక్టరీ వెనక మేడమీద గదిలో అద్దెకుంటున్నాను. మందిరంలో గిటారు వాయించేది నేనే కాబట్టి, పొద్దు గడవక, ఎవరినీ అడగకుండా వారం మధ్యలో ఆ ఆంప్లిఫయర్ గదికి తెచ్చుకునేవాణ్ణి. వాల్యూం బాగా పెంచితేనే దాని గొంతు విచ్చుకుంటుంది. అంత పెంచితే కింద ఇంటివాళ్లు ఊరుకోరు. అందుకని అటెన్యుయేటర్ అనే పెట్టె తెప్పించాను. ఆంప్లిఫయర్‌కూ స్పీకర్‌కూ మధ్య దాన్ని తగిలిస్తే, పవరులో చాలా భాగం తనే తీసుకుని కొంచెమే స్పీకర్‌కు వదులుతుంది.

ఒక శనివారం మధ్యాహ్నం దాని వైరు తప్పు చోట గుచ్చాను. శబ్దం రాలేదు. శబ్దాన్ని ఆ పెట్టే మింగేస్తోందనుకుని వాల్యూం చివరిదాకా తిప్పాను. స్పీకర్ కనెక్షన్ లేకుండా నడిపితే లోపల ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుందని తెలుసు. తెలిసీ వైరు చూసుకోలేదు. మాడిన వాసన వచ్చింది. సాయంత్రమే తీసుకుపోయి మందిరంలో దాని చోట పెట్టేశాను.

మరునాడు అన్న స్విచ్ వేయగానే పొగ వచ్చింది.

"ఏం జేసినావయ్యా దాన్ని?" అన్నాడు సంఘపెద్ద.

"స్విచ్చే గదా పెద్దాయనా వేసింది!"

అందరూ నా వైపు చూశారు. "నిన్నటిదాకా బాగానే ఉండె" అన్నాను.

"పెళ్లిళ్లలో డబ్బాలు మోగించేటోనికి ఇయ్యేం తెలుస్తాయిలే" అని వెనక ఎవరో నవ్వారు.

నెల తిరగకముందే అన్న మందిరానికి రావడం మానేశాడు. ఆరాధన అయ్యాక నన్ను ఇంటికి పిలిచి అన్నం పెట్టే మనిషి ఆయనొక్కడే. రెండేళ్ల తర్వాత తర్లుపాడులో ఆయన ఇంటికి పోయి నిజం చెప్పాను.

"ఆ దినమే తెలుసు తమ్ముడూ. విప్పి చూసినోణ్ణి నేనే గదా. లోపల వైర్లు అంతకుముందే మాడి ఉండె. వారం మధ్యలో దాన్ని గదికి మోసుకపోయేది నువ్వొక్కనివే గదా."

"మరి అందరి ముందర ఎందుకు చెప్పలేదన్నా?"

"నువ్వే చెప్తావని మూడు వారాలు చూసినా. సాక్ష్యాలప్పుడు లేచి దేవుడు మోకాలి నొప్పి తగ్గించినాడని చెప్తివి గానీ, ఇది చెప్పకపోతివి."

పోయిన ఆదివారం సాక్ష్యాల వేళ లేచి అంతా చెప్పాను. రమ్మని పిలిచినా అన్న రాలేదు. అందరూ స్తోత్రమని చప్పట్లు కొట్టారు. నాది ఎంత మంచి మనసో అని సంఘపెద్ద నా భుజం తట్టాడు. అన్న గురించి ఒక్కరూ అడగలేదు.