మూడోసారి వాయించనివ్వని ముక్తాయింపు

పొద్దున్నుంచి వడగాలి. చాట్రాయి తోటలో పదకొండింటిదాకా కాయ కోయించి, మధ్యాహ్నం నూజివీడు వెళ్ళాను. డోలు వాయించే కోటయ్య గారికి సన్మానం. చేతులు వణుకుతున్నాయని ఆయన మానేస్తున్నారు, ఇదే ఆఖరి కచేరీ.

"ఒక్క ముక్తాయింపు సరిగ్గా వేసి డోలు దింపేస్తానండీ" అన్నారు వేదిక ఎక్కబోతూ.

ముక్తాయింపు అంటే ముగించే దరువు. ఒకే దరువును మూడుసార్లు వాయిస్తారు. మూడోది పడితేనే కచేరీ అయిపోయినట్టు. ఆయన రెండుసార్లు తప్పు లేకుండా వాయించారు. మూడోది ఎత్తుకోగానే సభాధ్యక్షుడు మైకు అందుకున్నాడు. మామిడికాయల వ్యాపారి.

"చాలు కోటయ్యా, ఫొటోగ్రాఫర్ వెళ్ళిపోవాలంట. శాలువా కప్పేద్దాం."

"ఇంకొక్కటుందండీ, అర నిమిషం."

"వాయించిందే కదయ్యా మళ్ళీ వాయిస్తున్నావు!"

జనం నవ్వారు. నాకు రోత పుట్టింది. ఆ నవ్వుల మధ్యే కూర్చున్న నా మీద కూడా.

శాలువా కప్పాక ఆ పెద్దమనిషే "ముక్తాయింపుగా రెండు మాటలు" అంటూ తన కొత్త గోడౌను గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు. ఉపన్యాసం చివర, వ్యాసం చివర, ఆఖరికి తగాదా చివర కూడా ఈ మాట వాడుకుంటున్నాం. వాడుకోవచ్చు. దాన్ని మనకిచ్చిన వాళ్ళకు అర నిమిషం ఇవ్వలేమా? మీ ఊరి సభల్లోనూ ఇంతేనా, చెప్పండి.

అధ్యక్షుడు ఇంకా మాట్లాడుతుండగానే కోటయ్య గారు శాలువా కుర్చీ మీద పెట్టి, డోలు భుజానికి తగిలించుకుని, నాలుగుంబావు మైలవరం బస్సుకి వెళ్ళిపోయారు.