తెలుగు తెలిసిన రేసు గుర్రం

ఇంత వయసొచ్చాక కూడా ఆ ఆదివారం గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, భివండీ దగ్గర నాగావ్‌లో ఎనిమిది సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మావాళ్లు సాంచాలనే అంటారు. నాన్న పోయాక పదేళ్లవాణ్ని నన్ను సిరిసిల్ల పక్క పల్లె నుంచి భివండీకి తెచ్చి పెంచాడు. తిండికీ బట్టకూ ఏనాడూ లోటు చేయలేదు. పద్నాలుగో ఏట సాంచాల దగ్గర నిలబెట్టాడు. ఇరవై రెండేళ్లొచ్చినా నేను నాలుగు సాంచాల నడుమ మూరెడు సందులో, పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా తిరుగుతూనే ఉన్నాను. పోగు తెగితే అతకాలి, కండె అయిపోతే మార్చాలి. ముక్కు నిండా నూలు దుమ్ము. ఊపిరాడేది కాదు. మానేస్తానని చెబుదామంటే నోరు రాదు. కొట్టేవాడైతే తిరగబడి పారిపోయేవాణ్ని. తన కంచంలో ముక్క తీసి నాకు వేసేవాడితో ఏం కొట్లాడతాం?

ఆ రోజుల్లో మామకు గుర్రం పిచ్చి పట్టింది. పెళ్లి ఊరేగింపులకు కిరాయికి తిప్పుదామని, ముంబైలో రేసుల నుంచి తీసేసిన ఎర్ర గుర్రాన్ని చవగ్గా కొనుక్కొచ్చాడు. మొదటి బరాత్‌లోనే బ్యాండు మోగగానే అది ముందుకాళ్లు లేపింది. పెళ్లికొడుకు తలపాగాతో సహా మురిక్కాలువ పక్కన పడ్డాడు.

"ఏందిరా గీ పీడ! గింత దూరంకెల్లి తెచ్చుకున్న గదరా," అని మామ నెత్తి పట్టుకున్నాడు.

పాపం, దాని తప్పేముంది? పుట్టిన దగ్గర్నుంచి దానికి పరుగొక్కటే నేర్పారు. ఆగడం నేర్పినవాడు లేడు. నేను నేర్పుతానన్నాను. రోజూ షిఫ్టుకు ముందు రెండు గంటలు వరాలా తలావ్ అనే చెరువు ఒడ్డుకు తీసుకెళ్లేవాణ్ని. కళ్లెం లాగితే ఇంకా జోరుగా పరుగెత్తమన్నారనుకునేది. అందుకని కళ్లెం వదులు చేసి నోటిమాటతో నేర్పాను, నాకు వచ్చిన భాషలోనే. "ఆగు" అంటే ఆగాలి. "పా" అంటే కదలాలి. "ఎన్కకు" అంటే వెనక్కి నడవాలి. ఏడాది పట్టింది. నేనూ ఒక మనిషినేనని రోజు మొత్తంలో అనిపించింది ఆ రెండు గంటలే.

పోటీ సంగతి గుర్రానికి నాడాలు కొట్టే ముసలాయన చెప్పాడు. వచ్చే ఆదివారం కళ్యాణ్ అవతల మైదానంలో గుర్రాల పోటీలట, అందులో రేసులు మానేసినవాటికి విడిగా ఒకటట. మామను బతిమాలి బయల్దేరదీశాను. అక్కడ అందరికీ మోకాళ్ల దాకా బూట్లు, తలకు టోపీలు. నా కాళ్లకేమో మామ పెళ్లిళ్లకు వేసుకునే బూట్లు, ఒక సైజు పెద్దవి. నేను "ఎన్కకు, ఎన్కకు" అంటుంటే కంచె దగ్గర జనం "ఏ మద్రాసీ!" అని ఒకటే నవ్వు. నవ్వితే నవ్వారు. నా గుర్రం గీత గీసినట్టు వెనక్కి నడిచింది. ఆఖరి పరీక్షలో కిందికి దిగి, పగ్గం వదిలేసి, యాభై అడుగుల దూరం పోవాలి, గుర్రం ఉన్నచోటే ఉండాలి. సరిగ్గా అప్పుడే మైకు కీచుమంది. నాకు ఆ బరాత్ గుర్తొచ్చింది. గుర్రం చెవులు మాత్రం ఆడించింది, కదల్లేదు. రెండో బహుమతి మాకే వచ్చింది. దాని మెడ పట్టుకుని సిగ్గు లేకుండా ఏడ్చాను.

పుణె దారిలో పిల్లలకు గుర్రపు స్వారీ నేర్పే పెద్దమనిషి ఒకాయన వచ్చి గుర్రాన్ని అడిగాడు. బేరం అక్కడే కుదిరింది. అయితే ఆయన వెంట వచ్చిన పనివాడు "చల్" అంటే అది కదలదు, "రుక్" అంటే ఆగదు.

"ఇసే తో సిర్ఫ్ తేరీ జబాన్ ఆతీ హై," అని ఆ పెద్దమనిషి నన్ను చూసి నవ్వాడు, దీనికి నీ భాషొక్కటే వచ్చునంటూ. ఈ అబ్బాయిని కూడా పంపించు, ఉండడానికి గది ఇస్తాను, గుర్రాలను చూసుకుంటాడని మామను అడిగాడు.

ఆరుబయట పని! మామ మొహంలోకి చూశాను. ఆయన నా వైపు చూడనైనా లేదు. "ఛాయ్ తాగుకుంట మాట్లాడుదాం" అని పెద్దమనిషిని గుడారం వైపు తీసుకెళ్లాడు. నా పని అయిపోయిందనుకున్నాను. ఎందుకు పంపుతాడు? నేను పోతే ఆ నాలుగు సాంచాలు చూసేదెవరు?

ఇక్కడ ఆ పనివాడు గుర్రాన్ని టెంపో ఎక్కించబోయాడు. అది బిగుసుకుని నిలబడింది. వాడు కర్రతో డొక్కలో కొట్టాడు, మళ్లీ కొట్టాడు. నా ప్రాణం విలవిల్లాడింది. రేపట్నుంచి రోజూ దీనికిదే గతి కదా! కర్ర లాగేసుకుని, "కొట్టకు, మాటలు నేర్చుకో" అని హిందీలో అరిచాను. మూడు మాటలూ అరగంట వల్లె వేయించాను. వాడి నోట్లో "ఎన్కకు" నలిగిపోతుంటే పట్టుబట్టి సరిదిద్దాను కూడా. చివరికి వాడు "పా" అన్నాడు. గుర్రం బుద్ధిగా టెంపో ఎక్కింది.

మామా, పెద్దమనిషీ తిరిగొచ్చారు. పనివాడు పళ్లికిలిస్తూ మూడు మాటలూ అప్పజెప్పాడు. పెద్దమనిషి శభాష్ అని నా భుజం తట్టాడు. ఇక ఈ అబ్బాయి అవసరం లేదులెండి అని మామకు చెప్పి, టెంపో కదిలించుకుని వెళ్లిపోయాడు.

మామ నన్నే చూస్తూ నిలబడ్డాడు.

"గా మాటలు వానికెందుకు నేర్పినవ్‌రా అల్లుడా? నిన్ను పంపుత అని చెప్పొచ్చిన గదరా. నీకు జెప్దామనే ఉరికొస్తున్న."

నేను టెంపో పోయిన దారి వైపు చూశాను.

"పన్నెండేండ్ల సంది ఒక్కపారన్న నన్ను అడిగినవా, మామా పోత అని?"

అడగలేదు. ఆయన మీద కోపం తెచ్చుకునే వీలు కూడా ఆ రోజుతో పోయింది.