పొట్ట తగ్గిన సాక్ష్యం

మా ప్రార్థన సంఘంలో నా అంత బాగా సాక్ష్యం చెప్పినోడు ఇంకొకడు లేడు. ఒక్క అబద్ధంతోటి గదినిండ మనుషులను ఏడిపించిన. ఈ బరువు ఎవరి ముందూ దించలే. మీ ముందు దించుతున్న.

కిరాణా దుకాణపోళ్ల ఇంట్ల పుట్టినోణ్ణి, నేనూ అదే నడిపిన. సరుకు ఉన్నదున్నట్టు చెప్పి అమ్ముడు మా ఇంట్ల చేతకానితనం. పెండ్లయినంక భార్యతోపాటు ప్రార్థనకు పోవుడు మొదలుపెట్టిన. మేముండే పేట కామత్‌ఘర్‌లో బట్ట నేసే సాంచెల కార్ఖానా మీది గది అది. దేవుణ్ణి నమ్మిన, నిజంగనే. బుద్ధి మాత్రం దుకాణంలనే ఉండిపోయింది.

నాకు షుగర్ వచ్చింది. పాస్టరయ్య మంచి మనిషి. ఒళ్లు దేవుడు మనకు అప్పజెప్పిన ఇల్లు, దాన్ని ఊడ్చుకోకుంటే అదీ పాపమే అంటుండె. పొద్దున్నే మమ్మల్ని వెంటబెట్టుకొని నడిపిస్తుండె. నడిచిన. అన్నం తగ్గించిన. డాక్టరిచ్చిన గోలీలు తప్పకుండ మింగిన. పొట్ట తగ్గింది, షుగర్ అదుపుకొచ్చింది. ఇంతే కథ. ఇంత సాదా సరుకు ఎవడు కొంటడు?

ఒక ఆదివారం పాస్టరయ్య ఊరికి పోయిండు. నన్ను సాక్ష్యం చెప్పుమన్నరు. లేచి, గోలీలు బంద్ చేసిన, ఉపవాస ప్రార్థనతోనే బాగైన అని చెప్పిన. ఏడ్చుకుంటనే చప్పట్లు కొట్టిన్రు, హల్లెలూయ అని గది అదిరింది. నా జేబులో పిప్పరమెంటు డబ్బీ ఉంది, అండ్ల మధ్యాహ్నం మింగే గోలీ. ఆనాటి నుంచి ఎవరి కంట, భార్య కంట గూడ పడొద్దని అవతలి పేట నిజాంపురా దాకా పోయి కొంటుంటి. అక్కడ గూడ బేరమాడుతుంటి.

దిగుతుంటే మెట్ల మీద నర్సక్క ఆపింది. కార్ఖానాల నూలు కండెలు చుట్టే పని ఆమెది. నాకన్న పెద్దది. ఆమెకూ షుగరే. సాంచెల చప్పుడుల బతికిన మనిషి, మెల్లగ మాట్లాడుడు రాదు.

"ఏంది తమ్మీ, గోలీలు మొత్తానికే బందా?"

"మొత్తానికే అక్కా."

"నిన్నెట్ల నమ్మాలె? పప్పుల రాళ్లు కలిపే సేటువి!" అని నవ్వింది.

"ప్రార్థన గదిల అబద్ధమాడ్తనా?"

"గట్లయితే నేను గూడ బంద్ జేస్త. ఆ పైసలతోటి మంచి చెప్పులు కొనుక్కొని మీ ఎంబడి నడుస్త."

అప్పుడే చెప్పచ్చు. మెట్ల మీద మేమిద్దరమే. ఎందుకు చెప్పలే? చప్పట్లు ఇంకా చెవుల మోగుతున్నయి, అంతే. ఇంతకన్న మంచి కారణం ఏండ్ల తరబడి వెతికిన, దొరకలే.

గోలీలు బంద్ జేసి కొన్నది. నీలం పట్టీల చెప్పులు. మా ఎంబడి నడిచింది. కొన్ని నెలలకు పట్టీ ఒరుసుకొని కుడికాలి వేలు పుండయింది. ఆమెకు నొప్పి తెల్వలే. షుగర్ ముదిరిన కాలికి నొప్పి తెల్వదని డాక్టరు నాకు చెప్పిండు, ఆమెకు నేను చెప్పలే. పక్కన నడుస్తుంటే వాసనొచ్చేది. నేను రెండడుగులు ముందుకు జరుగుతుంటి. గోలీలు వేసుకో అక్కా అంటే నా సాక్ష్యం కూలిపోతది గదా. ముక్కు మూసుకున్న, నోరు గూడ మూసుకున్న.

మోకాలి కింద కాలు తీసేసిన్రు. దవఖానకు చూడబోతే, తన విశ్వాసమే తక్కువైందని, నన్ను ప్రార్థన చెయ్యుమని అడిగింది. చేసిన. వార్డంత వినేటట్టు చేసిన. జేబుల డబ్బీ గలగలమనకుండ ఒక చెయ్యి అడ్డం పెట్టుకొని చేసిన. తు!

కొన్నేండ్లకు ఆమె పోయింది. చివరిదాక తన విశ్వాసమే తక్కువని అనుకుంట పోయింది. పాస్టరయ్యకు చెప్పలే, భార్యకు చెప్పలే. చెప్తే, నర్సక్క నన్ను అడిగింది గని నేను బంద్ చెయ్యుమన్ననా అని అక్కడ గూడ తగ్గింపు అడుగుత. నా సంగతి నాకు తెల్వదా? మీ దగ్గర అడగను. మొత్తం రాసిన. చాలు.

ఇగ లెక్క. నాకు దక్కింది ఒక ఆదివారం చప్పట్లు, ఇప్పటికీ తెల్లారి నడవగలిగే రెండు కాళ్లు. ఆమె కట్టింది ఒక కాలు. దానిమీద, నా అబద్ధాన్ని తన పాపమనుకొని మోసిన ఏండ్లు. ఎడమ చెప్పు అరిగేదాక తొడిగింది. కుడిది మంచం కింద ఉండిపోయింది, సగం గూడ అరగకుండ.