సరి తేదీల వంతు

నేను కెనడాలో కామ్‌లూప్స్‌లో చదువుకోవడానికి దిగిన ఏడాది మాలాంటివాళ్ళు ఎంతమంది దిగారంటే, కాలేజీలో సీటు దొరికినంత సులువుగా ఊళ్ళో పడుకోవడానికి చోటు దొరికేది కాదు. రెండు గదుల ఇంట్లో ఏడుగురం. నా పరుపు వంటింట్లో ఫ్రిజ్ పక్కన. ఎవరు పాలకోసం తలుపు తీసినా లైటు నా ముఖం మీదే పడేది. అలాంటప్పుడు ఒక తెలుగు ఆంటీ ఇంట్లో బేస్‌మెంట్ ఖాళీగా ఉందని తెలిసి పరుగెత్తాను.

ఆవిడది గోదావరి జిల్లా. ఒక్కరే ఉంటారు. నన్ను అడిగింది ఒకటే.

"మొక్కల సంగతి ఏవన్నా తెలుసా నాయనా?"

"మాది అనంతపురం ఆంటీ. రైతు కుటుంబం," అన్నాను.

అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆరో తరగతి నుంచి హాస్టల్లోనే పెరిగానని, నా వ్యవసాయమంతా సెలవుల్లో మోటారు స్విచ్ వేయడంతోనే సరి అని ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. గది దొరికింది.

కెనడా అంటే మంచే అనుకుని రెండు చలికోట్లు కొనుక్కుని వచ్చినవాణ్ణి. వేసవి వచ్చేసరికి ఆ లోయ మా జిల్లాకు దగ్గరి చుట్టంలా కనిపించింది. ఎండిన కొండలు, బూడిదరంగు పొదలు, మబ్బు లేని ఆకాశం. ఆ నేలలో ఆంటీ మూడేళ్ళుగా ఒక ఆప్రికాట్ చెట్టును పెంచుతున్నారు. ఆ ఏడాదే అది మొదటిసారి కాసింది. పధ్నాలుగు కాయలు. మామిడికాయలు దొరకని ఊళ్ళో ఆ పుల్లటి పచ్చికాయలతో ఆవకాయ పెట్టి చూడాలని ఆవిడ కోరిక.

మే నెలలో ఆవిడ కూతురి పురిటికి హాలిఫాక్స్ బయలుదేరారు. వెళ్ళేముందు గరాజ్‌లో గోడకున్న టైమర్ పెట్టె చూపించారు. చెట్టు మొదట్లో చుట్టిన డ్రిప్ పైపుకు వారానికి రెండుసార్లు, పొద్దున్నే, కాసేపు నీళ్ళు వదిలేది అదే.

"దీన్ని ముట్టుకోకు. పని చేస్తోందో లేదో చూస్తే చాలు. నేనొచ్చేదాకా ఆ కాయలు చెట్టున ఉండాలి, అంతే."

ముట్టుకోకపోతే నేను రైతు బిడ్డనెలా అవుతాను?

ఆ ఊళ్ళో నీళ్ళకు ఒక పద్ధతి ఉంది. సరి నంబరు ఇళ్ళవాళ్ళు సరి తేదీల్లో, బేసివాళ్ళు బేసి తేదీల్లో, అదీ ఎండ లేని గంటల్లోనే తోటలు తడుపుకోవాలి. మాది సరి నంబరు. మునిసిపాలిటీ పంపిన ఆ నియమాల కాగితం చదవగానే నాకు ఒళ్ళు పులకరించింది. ఇది వంతు! మా ఊళ్ళో నాన్నవాళ్ళు నలుగురు అన్నదమ్ములకు ఒకటే బావి ఉండేది. మా వంతు వచ్చిన రోజు పొలానికి తడి కావాలా వద్దా అని ఎవరూ ఆలోచించేవారు కాదు. వదిలేసిన వంతు తిరిగి రాదు, అంతే. అలాంటి ఇంట్లో పుట్టి, ఇన్ని గంటల వంతును టైమర్ పాలు చేసి కూర్చోనా? పాపం, గోదావరి ఆవిడ, కాలవ గట్టున పుట్టిన మనిషికి వంతు విలువ ఏం తెలుసు అని జాలిపడ్డాను కూడా.

సరి తేదీ వచ్చిందంటే అనుమతి ఉన్న గంటలన్నీ డ్రిప్ తిప్పాను. చాలదేమోనని హోస్ పైపు కూడా చెట్టు మొదట్లో పెట్టాను. రెండు వారాలకు ఆకులు పసుపెక్కాయి. దాహమేసిందనుకుని ఇంకా పోశాను. నాలుగో వారం కాయలు రాలడం మొదలుపెట్టాయి. ఒక్కొక్కటే ఏరి గిన్నెలో దాచాను, తిరిగి అతికిస్తానేమో అన్నట్టు. ఫోన్లో ఆంటీ అడిగితే "బాగుంది ఆంటీ" అన్నాను. ఫ్రిజ్ పక్క పరుపు గుర్తొచ్చి నిద్ర పట్టేది కాదు.

ఆవిడ జూన్ చివర్లో వచ్చారు. సూట్‌కేసు కూడా లోపల పెట్టకుండా చెట్టు దగ్గరికి నడిచారు.

"ఎండలు ఆంటీ," అన్నాను.

ఆవిడ గరాజ్‌లోంచి పొడవాటి స్క్రూడ్రైవర్ తెచ్చి నేలలో గుచ్చారు. పిడిదాకా దిగిపోయింది. బయటికి లాగితే కుళ్ళు వాసన.

"వేళ్ళకి ఊపిరాడలేదు. ఇది ఇంక బతకదు. తవ్వి తీసెయ్యి," అన్నారు.

పార పట్టుకున్నాను. తవ్వుతున్నంతసేపూ గది ఖాళీ చెయ్యమనే మాటకోసమే ఎదురుచూశాను. మోకాలి లోతు తవ్వి చెట్టును లాగేసరికి, గుంట అడుగున నాలుగు పక్కలనుంచీ నీళ్ళు ఊరడం మొదలైంది. ముందు నవ్వొచ్చింది. బావి ఎండిపోయాక నాన్న మూడు బోర్లు వేయించాడు. మూడుసార్లూ నేను హాస్టల్ నుంచి ఫోన్ చేసి పడ్డాయా అని అడిగాను. మూడుసార్లూ దుమ్మేరా అన్నాడు. మా ఇంట్లో నీళ్ళు పడేలా తవ్వినవాణ్ణి చివరికి నేనే. ఆ మాట ఆయనకు చెప్పుకోలేనని తెలిసి, బురద చేతులతోనే గుంట పక్కన కూర్చుని ఏడ్చాను.

ఆంటీ కంగారుపడ్డారు.

"ఏవిటి నాయనా, గది గురించా? గది ఎక్కడికీ పోదు. లే," అన్నారు.

గది గురించేనన్నట్టు తల ఊపాను.