ఫిల్మ్‌నగర్‌లో ఆకుపచ్చ వెలుగు కోసం ఒక రోజు

మా ఆవిడ సుజాత గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. రెండుసార్లు వాచి, చుట్టుపక్కల భాగాలకు అతుక్కుపోయింది. తీసేటప్పుడు పొరపాటున పిత్తనాళం తెగితే జీవితాంతం అవస్థేనని మా తాడేపల్లిగూడెం డాక్టరు భయపెట్టి, ఫిల్మ్‌నగర్‌లో ఒక ఆస్పత్రి చెప్పారు. అక్కడ నరంలోకి రంగుమందు ఎక్కిస్తారు. అది లివర్‌లోంచి పిత్తంలోకి దిగాక, ప్రత్యేకమైన కెమెరాలో నాళం ఆకుపచ్చగా మెరుస్తుంది. ఏది కోయకూడదో సర్జన్‌కు కనిపిస్తుంది.

ఆదివారం బస్సులో వచ్చి కృష్ణానగర్‌లో మా బావ రాంబాబు గదిలో దిగాం. సుజాతకు అన్నయ్య, సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరు. సోమవారం ఎనిమిదింటికి రంగుమందు సూది, పన్నెండింటికి ఆపరేషన్ అన్నారు ఆస్పత్రివాళ్లు. అక్కడే వచ్చింది తంటా. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. ఆ వేళలో కెమెరా స్విచ్ కూడా వేయనివ్వని మనిషి చెల్లెలికి సూది వేయనిస్తాడా? ఆపరేషన్ పన్నెండింటికే కదా, సూది తొమ్మిది దాటాక వేయించుకుంటే మునిగిపోయేదేముందన్నాడు. నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. చుక్క నీళ్లు తాగకూడని మనిషిని మంచం మీద కూర్చోబెట్టి, ఫోన్‌లో పంచాంగం చూస్తూ గడిపాడు.

తొమ్మిది కాగానే నూట యాభై రూపాయలకు ఆటో మాట్లాడుకుని బయలుదేరితే, చెక్‌పోస్టు దాటాక ఒక సందులో షూటింగ్ వ్యాన్లు అడ్డం. మామూలుగా ఇరవై నిమిషాల దారి గంట పట్టింది. డ్రైవరు వెనక్కి తిరిగి, "ఆస్పత్రికి పోయేటోళ్లు గింత లేటుగ ఎల్లిర్రేంది సార్?" అన్నాడు. నేను రాంబాబు వైపు చూశాను. ఆయన వ్యాన్లలో తెలిసినవాళ్లెవరైనా ఉన్నారేమోనని చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

సూది పడేసరికి పది దాటింది. పన్నెండు కాగానే లోపలికి తీసుకెళ్లమని గొడవపడ్డాను. సర్జన్ మేడమ్ ఓపిగ్గానే చెప్పారు. "ఇప్పుడు చూస్తే లివరంతా పచ్చగా వెలుగుతుందండీ. నాళం ఆ వెలుగులో కలిసిపోతుంది. మందు దిగేదాకా ఆగాల్సిందే." మా వంతు ఇంకొకరికిచ్చి, మమ్మల్ని మూడింటికి జరిపారు. సుజాత పెదాలు ఎండిపోయాయి. నేను కింద క్యాంటీన్‌లో ఇడ్లీ ముందు పెట్టుకుని తినలేక వదిలేశాను.

మూడింటికి స్ట్రెచర్ కదులుతుంటే రాంబాబు మళ్లీ ఫోన్ తీసి, మూడున్నర దాకా దుర్ముహూర్తం, ఒక్క అరగంట ఆగమని మేడమ్‌ని అడుగుదామా అన్నాడు. నేను నోరు తెరిచేలోపే సుజాత పడుకునే అంది: "అన్నయ్యా, ఆ ఫోన్ జేబులో పెట్టు. నాకు దాహంగా ఉంది." పెట్టేశాడు.

సాయంత్రం ఆపరేషన్ ముగిశాక మేడమ్ మా ఇద్దరినీ పిలిచి వీడియో చూపించారు. మామూలు వెలుగులో అంతా ఒకటే రంగు, ముద్దలా ఉంది. కెమెరా మార్చగానే సన్నటి ఆకుపచ్చ గీత మెరిసింది, అనుకున్నచోట కాదు, బాగా పైకి లాగుకుపోయి. "నేను కోద్దామనుకున్నది ఇక్కడే" అని వేలు పెట్టి చూపించారు. వేలు సరిగ్గా ఆ గీత మీదే ఉంది. రాంబాబు గోడకు ఆనుకుని, మందు దిగకుండానే పన్నెండింటికి కోసుంటే ఏమయ్యేదని మెల్లగా అడిగాడు. మేడమ్ మళ్లీ ఆ గీత మీదే వేలు పెట్టారు.

ఆ రోజంతా ఆయన మీద మండిపడ్డాను, ఇప్పటికీ చల్లారలేదు. కానీ పన్నెండింటికి తొందరపెట్టింది నేనే. మేడమ్ నా మాట వినకపోవడం మా అదృష్టం. ఇలాంటి ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లకు ఒక్కటే చెబుతాను. సూది ఎన్నింటికో ముందే అడిగి తెలుసుకుని, ముందురోజే ఆస్పత్రిలో చేరిపోండి. మీ ఇంట్లో ముహూర్తాలు చూసేవాళ్లుంటే, వాళ్లను ఆపరేషన్ అయ్యాక సాయంత్రం రమ్మనండి.