రాజలింగు తోటకు నేనిచ్చిన పంపు

మా ఎడపల్లిలో రాజలింగును అందరూ గడ్డి సేద్యగాడు అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది నేనే. ఎకరన్నర ద్రాక్ష తోట వేసి, వరుసల మధ్య దున్నకుండా జనుము చల్లి, అది మోకాలెత్తు పెరిగాక కోసి అక్కడే పరిచే మనిషిని ఇంకేమనాలి? చుట్టూ మా వరి, చెరుకు. మధ్యలో అతని తోట. ఆవు పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి డ్రమ్ములో పులియబెట్టి మొదళ్ళకు పోసేవాడు. పిడికెడు మట్టి తీసి, “సూడన్నా, ఎర్రలొచ్చినయ్” అని వానపాముల్ని చూపించేవాడు. మా చేనిలో అవి కనబడక ఎన్నేళ్ళయిందో నాకే గుర్తు లేదు. ఆ మాట అతని ముందు ఒప్పుకోలేదు.

అతను ఎనిమిదేళ్ళు నాసిక్ దిక్కు ద్రాక్ష తోటల్లో కూలి చేశాడు. వీపున పంపు మోసి మందు కొట్టడమే పని. ఒళ్ళంతా దద్దుర్లతో తిరిగొచ్చాడు. భార్య రేణుకమ్మ చాన్నాళ్ళు అతని బట్టలు వేరే బకెట్లో ఉతికింది. అందుకే తన ద్రాక్షకు మందు చుక్క తగలనివ్వనని పట్టుబట్టాడు. సేంద్రియ రైతుల సంఘంలో చేరాడు. మూడేళ్ళు మందు ముట్టకపోతే వాళ్ళు ధ్రువపత్రం ఇస్తారు. ఇంకో మూడు నెలలైతే మూడేళ్ళు నిండేవి.

కార్తీకంలో ముసురు పట్టింది. కొత్త చిగురుకు బూజు తగులుతుందని భయపడి పుల్లమజ్జిగ కొడదామనుకున్నాడు. అతని పంపు చెడిపోయింది. మా ఇంటికొచ్చాడు.

“హన్మండ్లన్నా, నీ పంపు గడ్డి మందు కొట్టింది గాదు గదా?”

“కొట్టిన. కడిగిన గూడ.”

“సబ్బు పెట్టి కడిగినవా?”

“నేనేమన్న చిన్న పోరన్నా? కొంచపో!” అని పంపు అతని చేతికిచ్చాను.

ఒక్కసారి నీళ్ళు పోసి ఆడించి పారబోశాను, అంతే. చెరుకులో కలుపు చావడానికి కొట్టే ఆ మందు గొట్టాల్లో పట్టుకుని కూచుంటుందని నాకు తెలుసు. అతను అన్ని ప్రశ్నలు వేసేసరికి ఒళ్ళు మండింది.

మజ్జిగ కొట్టిన నాలుగు రోజులకు చిగుళ్ళు మెలికలు తిరిగాయి. ఆకులు సన్నబడి విసనకర్రల్లా ముడుచుకున్నాయి. చూడగానే గుర్తుపట్టాను. రెండేళ్ళ కింద నా గడ్డి మందు గాలికి మా పెరటి చిక్కుడు పాదు ఇట్లాగే అయింది. రేణుకమ్మ ఒక్కో ఆకూ తిప్పి చూస్తూ, “మజ్జిగ ఎక్కువ పులిసిందా ఏంది?” అని అతన్ని అడుగుతోంది. నేను గట్టు మీద నిలబడి విన్నాను. చెప్పకుండానే ఇంటికి తిరిగొచ్చాను. పరువు పోతుందని కాదు, అతను నన్ను నమ్మాడు గనుక. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పన్నెండు రోజులు అట్లా గడిచాయి. ఆఖరికి పొద్దున్నే తోటకు పోయి చెప్పేశాను. అతను డ్రిప్పు పైపు చుడుతున్నాడు.

“నా పంపుతోటే అయింది. నేను సరిగ్గ కడగలే.”

అతను గట్టు పక్కకు చెయ్యి చూపించాడు. నాలుగు తెగులు మందు డబ్బాలు, ఖాళీవి.

“తెగులనుకున్న అన్నా. బోధన్ల దుకాణమాయన గూడ తెగులే అన్నడు. మొన్నొకసారి, నిన్నొకసారి కొట్టిన. నువ్వు ముందే జెప్తే ఊకుందును. తీగ దానంతటదే మళ్ల చిగురేస్తుండె.”

“సంఘమోళ్లకు నేను జెప్త. తప్పు నాదని జెప్త.”

“ఏం జెప్తవ్? మందు కొట్టింది నేనే గదా. నా సేతులతోనే.”

తిడితే బాగుండేది. కాలర్ పట్టుకున్నా పడేవాణ్ణి. అతను పైపు చుట్టడం ఆపలేదు. సంఘం వాళ్ళకు తనే ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. మళ్ళీ మొదటి ఏడాది నుంచి లెక్క పెట్టాలన్నారు. అతనికి యాభై ఆరు నిండాయి.

పోయిన వారం మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ద్రాక్ష పందిరి విప్పి చెరుకు పెడతాడట. ముందు జనుమూ గడ్డీ చావాలన్నాడు.

“నువ్వు కొట్టే మందు పేరేందన్నా?”

చెప్పాను. పదిహేను లీటర్ల నీళ్ళకు ఎంత కలపాలో కూడా చెప్పాను.